మావయ్య తెచ్చిన పసుపు మాత్రల సంగతి డాక్టరుకు ఎలా చెప్పను?

విజయవాడలో ఇంటర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఒక అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాను.

వాళ్ళ అమ్మగారికి యాభై ఆరేళ్ళు. తెనాలి దగ్గర పల్లెటూరు. రొమ్ము క్యాన్సర్, రెండో స్టేజీ అని తేలింది. గుంటూరులో ఆపరేషన్ చేశారు. ఎనిమిది కీమోలు ఇవ్వాలన్నారు, వాటిలో మొదటి నాలుగూ ‘ఎర్ర మందు’. ఇప్పటికి రెండు అయ్యాయి. నాన్నగారు లేరు. ఖర్చులో సగానికి పైగా భరిస్తున్నది అమ్మగారి తమ్ముడు. దుగ్గిరాలలో పసుపు వ్యాపారం ఆయనది. మొదటి కీమో కాగానే ఆయన మిరియాల సారం కలిపిన పసుపు మాత్రల డబ్బా తెచ్చిచ్చారు, రోజుకు నాలుగు వేసుకోమని. పిన్ని తన పెరట్లోని లక్ష్మణ ఫలం ఆకులు కోసుకొచ్చి, కషాయం కాచి పరగడుపున తాగిస్తోంది.

ఈ అమ్మాయి మొదట వద్దంది. ఆ తర్వాత తనే కూర్చుని పరిశోధన పత్రాలు చదివింది. పసుపులోని కర్కుమిన్, పిప్పళ్ళలోని పైపర్‌లాంగుమిన్, లక్ష్మణ ఫలంలోని పదార్థాలు క్యాన్సర్ కణాల్లో ఫ్రీ రాడికల్స్ (కణాన్ని లోపలి నుంచే దెబ్బతీసే చురుకైన అణువులు) పెంచి చంపుతాయనీ, మంచి కణాల జోలికి పోవనీ వాటిలో కనిపించింది. ‘మొదటి మాత్ర అమ్మ నోట్లో నా చేత్తోనే వేశాను’ అని రాశారు.

రెండో కీమో తర్వాత చేసిన రక్తపరీక్షలో, కాలేయం దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ 168 వచ్చింది, ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువ. ‘ఇంకేమన్నా వాడుతున్నారా?’ అని డాక్టరు అడిగారు. ‘పక్కనే మావయ్య నిలబడి ఉన్నాడు. లేదండీ అనేశాను.’ ఇప్పుడు వాళ్ళమ్మ, ‘ఆ ఎర్ర మందు ఇంక నావల్ల కాదే, ఓ మూడు నెలలు ఇవే వాడి చూద్దాం’ అంటోంది. మూడో కీమో వచ్చే శుక్రవారం. ఆ అమ్మాయి అడిగినవి మూడు. నేను చదివినవి అబద్ధాలా? అమ్మ మాట వినాలా? మావయ్య మనసు నొచ్చుకోకుండా డాక్టరుకు ఎలా చెప్పాలి?

*

చూడమ్మా, మీ ఉత్తరం ఆదివారం అందింది. శుక్రవారంలోగా మీకు చేరాలని మిగతా ఉత్తరాలు పక్కనపెట్టి ముందు దీనికే జవాబు రాస్తున్నాను.

మెడికల్ కాలేజీలో ముప్ఫై ఏళ్ళు మందుల పాఠమే చెప్పాను. మా అన్నయ్యకు పేగు క్యాన్సర్ వచ్చినప్పుడు తిప్పతీగ కషాయం కాచి ఇచ్చింది నేనే. ఆయన కీమోకి వెళ్ళొచ్చి మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. వంటింట్లో ఏదో ఒకటి కాస్తూ ఉంటే తప్ప నాకు ఊపిరి ఆడేది కాదు. ఆయన డాక్టరుకు ఆ మాట చెప్పడానికి నాకు పదిహేను రోజులు పట్టింది. తిప్పతీగతో కాలేయం దెబ్బతిన్న రోగుల గురించి ముంబై డాక్టర్లు 2021లో రాసింది చదివిన రోజు, ఆ పదిహేను రోజులే గుర్తొచ్చాయి. కాబట్టి మీరు ‘లేదండీ’ అన్నందుకు మిమ్మల్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఆ మాట ఎలా నోరుజారుతుందో నాకు తెలుసు.

ముందు చదువు సంగతి. మీరు చదివినవన్నీ అబద్ధాలు కావు. క్యాన్సర్ కణం విపరీతమైన వేగంతో బతుకుతుంది. అందుకే దాని లోపల ఫ్రీ రాడికల్స్ ఎప్పుడూ ఎక్కువ. పొయ్యి మీద అంచుదాకా వచ్చేసిన పాలగిన్నె అనుకోండి. మంట ఇంకొంచెం పెంచితే పొంగిపోతుంది. మామూలు కణం సగం గిన్నె పాలు, అంత మంటకు తట్టుకుంటుంది. ఆక్సిడేటివ్ స్ట్రెస్‌తో, అంటే ఫ్రీ రాడికల్స్ మితిమీరి కణానికి తగిలే దెబ్బతో, క్యాన్సర్‌ను చంపడం అనే ఆలోచన పుట్టింది ఇక్కడే, అది మంచి ఆలోచనే. అయితే పొంగు వస్తుంటే మనం చేసే పనే ఆ కణమూ చేస్తుంది, చన్నీళ్ళు చిలకరిస్తుంది. గ్లూటాథయోన్ అనే ఆ చన్నీళ్ళను క్యాన్సర్ కణం దండిగా తయారుచేసి దగ్గర పెట్టుకుంటుంది. మీరు చదివిన పదార్థాల్లో చాలావరకు ప్రయోగశాలలో గాజుపళ్ళెంలో పెంచిన కణాల దగ్గర ఈ చన్నీళ్ళను తగ్గించో, మంటను పెంచో పనిచేసినవే.

ఇబ్బందల్లా ఆ గాజుపళ్ళెంతోనే. అందులో మందును నేరుగా కణాల మీదే పోస్తారు, ఎంత కావాలంటే అంత. మీ అమ్మగారు మింగిన మాత్ర పేగు దాటాలి, కాలేయం దాటాలి, రక్తంలో కలవాలి, ఆ తర్వాత ఎక్కడో దాక్కున్న కణాన్ని వెతుక్కోవాలి. కర్కుమిన్ ఈ దారిలో చాలా అధ్వానం. రోజుకు 8 గ్రాములు మింగిన రోగుల రక్తంలో కూడా అది అరకొరగానే కనిపించింది. మీరు కెమిస్ట్రీ చెబుతారు కాబట్టి ఈ లెక్క వేసి చూడండి. పసుపులో కర్కుమిన్ సుమారు నూటికి 3 వంతులు. పప్పులో వేసే పావు చెంచా పసుపుతో పదిహేను, ఇరవై మిల్లీగ్రాములు దాటదు. 500 మిల్లీగ్రాముల సారం మాత్ర ఒక్కటి పదిహేను గ్రాముల పసుపుతో సమానం. రోజుకు నాలుగంటే అరవై గ్రాములు. మీ మావయ్య గారి కొట్లో పసుపే అయినా గుప్పెళ్ళతో ఎవరూ తినరు కదా. మన తాతలు తిన్న పసుపు వేరు, ఈ డబ్బాలోది వేరు.

పిప్పళ్ళ సంగతి మీకు బాధ కలిగిస్తుంది, అయినా చెప్పాలి. పైపర్‌లాంగుమిన్ క్యాన్సర్ కణాలనే ఎంచి చంపుతుందన్న ‘నేచర్’ పత్రం 2011 నాటిది. మీ ఉత్తరంలో ఎక్కువగా ఆధారపడింది దాని మీదే. ఆ పత్రాన్ని 2018లో ‘నేచర్’ పత్రిక నుంచి వెనక్కి తీసుకున్నారు. ఆ పదార్థం మీద ఇతర ప్రయోగశాలల్లో పని నడుస్తూనే ఉంది, అది వేరే మాట. కానీ ఆ మొదటి పత్రం మాత్రం ఇక సాక్ష్యంగా నిలవదు. దాన్ని కాపీ చేసి, ఎత్తి చూపే వీడియోలు ఈ మాట చెప్పవు.

మీ మావయ్య డబ్బా మీద ‘యాంటీ ఆక్సిడెంట్’, అంటే ఫ్రీ రాడికల్స్‌ను అణిచేది, అని రాసి ఉంటుంది, చూడండి. మీరు చదివిన పత్రాల్లో అదే పసుపు ఆక్సిడేటివ్ స్ట్రెస్ పెంచుతుందని ఉంది. రెండూ నిజమే. మోతాదును బట్టి, చోటును బట్టి, అది మంటా కావచ్చు, చన్నీళ్ళూ కావచ్చు. మీ అమ్మగారికి ఎక్కిస్తున్న ఎర్ర మందు, డాక్సోరూబిసిన్, ముఖ్యంగా క్యాన్సర్ కణం డీఎన్ఏను దెబ్బతీస్తుంది. ఫ్రీ రాడికల్స్‌నూ పుట్టిస్తుంది, దానివల్లే గుండెకు ముప్పు అని మధ్యమధ్య గుండె స్కాన్, ఎకో తీయిస్తారు. ఆ వారంలో కర్కుమిన్ చన్నీళ్ళ వైపు మొగ్గితే? 2002లో రొమ్ము క్యాన్సర్ ఉన్న ఎలుకలకు కర్కుమిన్ కలిపిన మేత పెట్టి, సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చి చూశారు. మందు ఒక్కటే ఇచ్చినప్పుడు కుంచించుకుపోయిన గడ్డ, కర్కుమిన్ తోడైనప్పుడు అంతగా కుంచించుకుపోలేదు. ఎలుకలు మనుషులు కాదు, ఒప్పుకుంటాను. కానీ ఎర్ర మందుతో పాటు మామూలుగా ఇచ్చే రెండో మందు ఆ సైక్లోఫాస్ఫమైడే. మీ ఫైల్లో చూడండి. మనుషుల్లో కూడా 2020లో ఒక అమెరికా అధ్యయనం వచ్చింది. కీమోకి ముందూ, కీమో నడుస్తుండగానూ యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు వాడిన రొమ్ము క్యాన్సర్ రోగుల్లో జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా కనిపించింది. గట్టిగా తేల్చి చెప్పేంత తేడా కాదు. నాకైతే మా ఇంటి మనిషికి ఆ డబ్బా ఇవ్వకుండా ఉండటానికి అది చాలు.

బలానికని ఇచ్చింది జబ్బుకే బలం కావడం మన తెలుగువాడి చరిత్రలోనే ఉంది. యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం తయారుచేసిన ఫోలిక్ యాసిడ్ రకాలను అమెరికాలోని బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లలకు ఇచ్చి చూశారు. విటమినే కదా, మేలు చేస్తుందనుకున్నారు. జబ్బు ఇంకా ఉధృతమైంది. అప్పుడు ఆ విటమిన్‌కు అడ్డుపడే అమినోప్టెరిన్ సుబ్బారావు గారి దగ్గర నుంచే వెళ్ళింది. 1948లో ఫార్బర్ ప్రకటించిన పదహారు మంది పిల్లల్లో పది మందికి జబ్బు కొంతకాలం తగ్గింది. కీమోథెరపీ మొదలైన రోజుల కథ ఇది. ఈ పాఠం చెప్పినప్పుడల్లా క్లాసులో నాకు గొంతు పట్టేసేది.

ప్రకృతి నుంచి వచ్చిందని మందును నేను తక్కువ చేయను. మీ అమ్మగారికి ఎర్ర మందు తర్వాత ఇచ్చేది చాలామందికి ఇచ్చే పాక్లిటాక్సెల్ అయితే, అది ఒక చెట్టు బెరడులో దొరికిందే. మన గుమ్మం ముందు పూసే బిళ్ళగన్నేరు నుంచి విన్‌క్రిస్టిన్ వచ్చింది. ఒక రకం రక్త క్యాన్సర్‌కు ఆర్సెనిక్, అంటే మన పాషాణం, 2000 నుంచి అమెరికాలో కూడా అనుమతి ఉన్న మందు. అది ఫ్రీ రాడికల్స్‌తో కూడా పనిచేస్తుంది. అయితే దాన్ని మిల్లీగ్రాముల్లో కొలిచి, ఈసీజీ చూసుకుంటూ ఎక్కిస్తారు. అందుకే బిళ్ళగన్నేరు ఆకులు నమిలి ఎవరూ లుకేమియా తగ్గించుకోరు, ఆ మందు మాత్రం ఎందరినో బతికిస్తోంది.

కాలేయం సంగతికి వస్తాను. నా కంగారంతా ఇదే. 168 ఎందుకు వచ్చిందో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. కీమో వల్లా కావచ్చు. పసుపు మాత్రల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులను అమెరికా డాక్టర్లు 2022లో వివరంగా రాశారు, కొన్ని డబ్బాల్లో మిరియాల సారమూ ఉంది. ఆ మిరియాల సారం కర్కుమిన్‌ను ఒంట్లోకి ఎక్కువగా పంపుతుంది. 1998లో బెంగళూరులో చేసిన పరిశోధనలో ఇరవై రెట్లు పెరిగిందని తేలింది. ఆ పని అది ఎలా చేస్తుందనుకున్నారు? మందుల్ని విరిచి బయటికి పంపే కాలేయపు ఎంజైముల్ని మందగింపజేసి. అలాంటి ఎంజైములే కీమో మందుల మీదా పనిచేస్తాయి. సైక్లోఫాస్ఫమైడ్ అసలు మందుగా మారేదే కాలేయంలో. కర్కుమిన్ కోసం తీసిన తలుపు ఒక్క కర్కుమిన్‌కే తెరుచుకోదు.

లక్ష్మణ ఫలం పండు తినడం వేరు, రోజూ ఆకు కషాయం తాగడం వేరు. అందులోని అనోనాసిన్ కణంలో శక్తి తయారయ్యే మైటోకాండ్రియాకు అడ్డుపడుతుంది, క్యాన్సర్ కణాలు చచ్చేది కూడా అలాగే. కానీ మైటోకాండ్రియా మెదడు కణాల్లోనూ ఉంటాయి. కరీబియన్ సముద్రంలోని గ్వాడెలూప్ దీవిలో ఆ పండూ, ఆకుల టీ బాగా వాడే జనంలో, ఒళ్ళు బిగుసుకుపోయి కదలికలు మందగించే పార్కిన్సన్స్ లాంటి జబ్బు కనిపించడంతో 1999లోనే అనుమానం మొదలైంది. నెలా రెండు నెలలకే అలా అవుతుందని మిమ్మల్ని భయపెట్టను. పిన్ని గారు ఆకులు ఎన్ని వేస్తున్నారో, ఎంతసేపు మరిగిస్తున్నారో ఒక్కసారి పక్కన నిలబడి చూడండి. ఒకరోజు పది ఆకులు, ఒకరోజు పదిహేను. ఒకరోజు లేత రంగు, ఒకరోజు ముదురు గోధుమ రంగు. అంత ప్రేమగా కాస్తున్నదే అయినా, ఆ గ్లాసులో ఎంత మందు ఉందో ఆవిడకే తెలియదు.

రేపు ఎవరో విటమిన్ సి సెలైన్ ఎక్కిద్దామంటారు, ఆ మాట కూడా ఇప్పుడే చెప్పేస్తాను. నరంలోకి పెద్ద మోతాదులో ఎక్కిస్తే అది హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తుందన్నది నిజం. మాత్రలుగా మింగితే ఆ స్థాయికి చేరదు. నోటి ద్వారా రోజుకు 10 గ్రాములు ఇచ్చి అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రి 1979లో, 1985లో చేసిన పరీక్షల్లో ఏ ప్రయోజనమూ కనపడలేదు. సెలైన్‌గా ఎక్కిస్తే, జీ6పీడీ (ఎర్రరక్తకణాలను కాపాడే ఎంజైము) లోపం ఉన్నవాళ్ళకు ఎర్రరక్తకణాలు చితికిపోయే ప్రమాదం ఉంది. ఆ పరీక్ష చేయించకుండా ఎవరన్నా సూది పట్టుకుంటే లేచి వచ్చేయండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. డబ్బా, కషాయం గప్‌చుప్‌గా మానేసి, డాక్టరుకు చెప్పకుండా ఉండటం ఒకటి. మీకు ఇదే సులువుగా తోస్తుందని నాకు తెలుసు. మావయ్యకు తెలియదు, డాక్టరు తిట్టరు. కానీ 168 చూసిన డాక్టరు ఏమనుకుంటారు? ఇదంతా కీమో వల్లే అనుకుంటారు. కాలేయం సరిగా లేదనుకుంటే ఎర్ర మందు మోతాదు తగ్గిస్తారు, లేదా వాయిదా వేస్తారు. మీ ఒక్క అబద్ధం వల్ల అమ్మకు అందాల్సిన మందు తగ్గిపోవచ్చు. రెండూ కలిపి కొనసాగించడం ఇంకా కష్టమైన దారి. ఏది దేన్ని పాడుచేస్తోందో ఎవరికీ అంతుపట్టదు.

అమ్మగారన్నట్టు మూడు నెలలు కీమో ఆపడం ఇంకో దారి. ఆపరేషన్ తర్వాత ఇచ్చే కీమో, స్కానింగులో కనపడని కణాల కోసం. గడ్డ కనపడదు కాబట్టి ఆ మూడు నెలల్లో మాత్రలు పనిచేశాయో లేదో తెలుసుకునే వీలు ఉండదు. తెలిసేది తిరగబెట్టినప్పుడే. 2018లో యేల్ యూనివర్సిటీ డాక్టర్లు, నయం చేయదగ్గ క్యాన్సర్ ఉండి ప్రత్యామ్నాయ వైద్యం మాత్రమే తీసుకున్న 281 మందిని మామూలు వైద్యం తీసుకున్నవాళ్ళతో పోల్చారు. రొమ్ము క్యాన్సర్‌లో చనిపోయే ముప్పు అయిదు రెట్ల పైనే ఉంది.

అయినా ‘నావల్ల కాదే’ అన్న మాటను లెక్కలతో నోరుమూయించకండి. శరీరం ఆమెది, నిర్ణయమూ ఆమెదే. ఏది వల్ల కావడం లేదో పక్కన కూర్చుని అడగండి. వాంతులా? నోటిపూతా? దువ్వెనలో ఊడొచ్చిన జుట్టా? ఎర్ర మందు ఎక్కించిన రోజు మూత్రం ఎర్రగా వస్తే రక్తమనుకుని హడలిపోయి, ఎవరికీ చెప్పకుండా ఉన్నవాళ్ళను నేను చూశాను. అది మందు రంగేనని ముందు చెప్పేవాళ్ళు లేక. వాంతులకు ఒన్‌డాన్‌సెట్రాన్ ఒక్కటే కాదు, ఓలాన్‌జపిన్, అప్రెపిటాంట్ లాంటివి కలిపి ఇస్తే చాలామందికి బాగా అదుపులోకి వస్తాయి. ‘మా అమ్మ వాంతులకు తట్టుకోలేక మానేస్తానంటోంది’ అని ఇదే మాటల్లో డాక్టరుకు చెప్పండి. అన్నీ విన్నాక కూడా అమ్మ వద్దంటే, రెండో అభిప్రాయానికి మంగళగిరి ఎయిమ్స్ మీకు దగ్గరే, విశాఖలో టాటా వాళ్ళ హోమీ భాభా ఆసుపత్రి ఉంది. అక్కడా విని, అప్పుడు నిర్ణయించుకోనివ్వండి.

ఇక డాక్టరుకు అంతా చెప్పే దారి. దీనికీ ఖర్చు ఉంది. ఆయన విసుక్కోవచ్చు. మళ్ళీ రక్తపరీక్ష చేయించి కీమో ఒక వారం వెనక్కి జరపవచ్చు. మావయ్య ముఖం మాడ్చుకోవచ్చు. నేనైతే ఈ ఖర్చు భరించడానికే సిద్ధపడతాను, మీరూ అలా చేస్తే నాకు సంతోషం. ఈ ఉత్తరం చదివిన పూట నుంచే మాత్రలు, కషాయం మాత్రం ఆపండి. అది శుక్రవారం దాకా ఆగాల్సిన పని కాదు.

మావయ్య గురించి ఒక మాట. అక్క జబ్బుపడితే తను అమ్మే పసుపు తప్ప ఇంకేం తేగలడు ఆయన? జీవితమంతా మంచి పసుపు ఏదో, కల్తీ ఏదో కొమ్ము విరిచి చెప్పిన మనిషి. ఆయన తెలివిని తప్పు అనకండి. ‘మావయ్యా, కొమ్ము విరవకుండా నువ్వు సరుకు కొంటావా? ఈ డబ్బాలో ఏముందో డాక్టరు గారితో చూపించుకుందాం, నువ్వూ లోపలికి రా’ అనండి. వద్దన్న మాట మీ నోటి నుంచి కాకుండా డాక్టరు నోటి నుంచి రానివ్వండి. ఇంటి పప్పులో పసుపు మానక్కర్లేదు, నోరు పుండు లేని రోజుల్లో పల్చటి మిరియాల చారు కూడా. ఆ పసుపు ఆయన కొట్టు నుంచే రావాలని అడగండి. పిన్నిని కషాయం బదులు మెత్తటి పెరుగన్నం కలిపి తెమ్మనండి. చేతికి పని లేకపోతే వాళ్ళు మళ్ళీ ఇంకో ఆకు వెతుక్కుంటారు.

ఆయన డబ్బు మీద ఆధారపడ్డామన్న బెరుకు మీ ఉత్తరమంతా కనిపించింది. ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, కీమోకు కూడా వర్తిస్తుంది. మీ ఆసుపత్రిలో ఆ కౌంటరు దగ్గర రేషన్ కార్డు చూపించి అడిగారా? గుంటూరు పెద్దాసుపత్రిలో కూడా క్యాన్సర్ విభాగం ఉంది. డబ్బు భయం కాస్త తగ్గితే మావయ్య ముందు మీ గొంతు కూడా పెగులుతుంది.

మరొక్కటి, మర్చిపోకండి. కీమో అయిన వారం, పది రోజులకు తెల్లకణాలు బాగా పడిపోతాయి. జ్వరం 100.4 దాటితే తెల్లారేదాకా ఆగకండి, ఏ కషాయమూ వద్దు, అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

గురువారం సాయంత్రమే మాత్రల డబ్బా, ఓ నాలుగు లక్ష్మణ ఫలం ఆకులు, ఏ తారీఖు నుంచి రోజుకు ఎన్ని వేశారో రాసిన కాగితం, మూడూ ఒక కవర్లో పెట్టి ఫైలు పక్కన ఉంచండి. శుక్రవారం లోపలికి వెళ్ళగానే, డాక్టరు గారు రిపోర్టు తెరవకముందే, ‘పోయినసారి మీరు అడిగితే లేదన్నానండీ, ఇవి వాడాం’ అని కవరు బల్ల మీద పెట్టండి. ఆయన ఏమన్నారో, కొత్త ఎస్‌జీపీటీ ఎంత వచ్చిందో నాకు రాయండి. ఎదురుచూస్తుంటాను.